లైన్లోనే ఉంటాను

నా ఉద్యోగం ఏంటో చెబితే చాలామంది నవ్వుతారు. లిఫ్టు మధ్యలో ఆగిపోయినప్పుడు గంట బొమ్మ ఉన్న బటన్ నొక్కితే ఒక గొంతు పలుకుతుంది చూడండి, ఆ గొంతు నాది. మా కంపెనీ బిగించిన లిఫ్టులు ఊళ్ళో ఆరేడు వందలుంటాయి. వాటిలో ఏది ఎక్కడ మొరాయించినా ఫోను మా బల్ల మీదే మోగుతుంది. మూడో రింగు లోపల ఎత్తాలి. ఎత్తగానే మొదటి మాట, "కంగారు పడకండి, మేమున్నాం." రెండోది, "లోపల ఎంతమంది ఉన్నారు?" మూడోది, "మనిషి బయల్దేరాడు, అరగంటలో వస్తాడు. మిమ్మల్ని బయటికి తీసేదాకా నేను లైన్లోనే ఉంటాను." పదకొండేళ్ళుగా ఇవే మూడు ముక్కలు. ఒకసారి ఇంట్లో ఉండగా మా అమ్మ ఫోను చేస్తే ఎత్తుతూనే, "కంగారు పడకండి, మేమున్నాం" అన్నాను. అప్పటిదాకా లేని కంగారు పాపం ఆవిడకి అప్పుడు పట్టుకుంది.

నా పక్క కుర్చీ అక్కది. సొంత అక్కేం కాదు. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు, లిఫ్టులో ఇరుక్కున్న ఒక గర్భిణితో మాట్లాడి నేను వెక్కి వెక్కి ఏడుస్తుంటే, టీ తెచ్చి ముందుపెట్టి, "ఏడ్చేవాళ్ళు అవతల ఉంటారమ్మడూ, మనం ఇవతల. ముక్కు తుడుచుకో" అంది. ఆ రోజు నుంచి నాకు అక్కే. నా అసలు పేరు ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు, అందరికీ అమ్మడినే. అక్క భర్త మా కంపెనీలోనే మెకానిక్కు, అంటే నాకు బావ. నేను ఫోనులో 'మనిషి బయల్దేరాడు' అంటే, ఆ మనిషి సగం సార్లు ఆయనే.

వాళ్ళిద్దరికీ పిల్లల్లేరు. ఒకరిమీద ఒకరు విసుక్కోవడంతోనే రోజు గడిచిపోతుంది. బావకి పది నిమిషాలు ఆలస్యమైతే చాలు, అక్క గోడ గడియారం వైపు, తలుపు వైపు, నా వైపు మార్చి మార్చి చూస్తుంది. ఆయన లేకపోతే ఈ మనిషి ఏమైపోతుందో అని నాకు చాలాసార్లు భయమేసేది.

ఆ శుక్రవారం సాయంత్రం డ్యూటీ దిగుతుంటే బావ చేతులకి గ్రీజుతోనే వచ్చాడు. "సముద్రం చూసి ఎన్నాళ్ళైంది?" అన్నాడు. అక్క వేళ్ళ మీద లెక్కపెట్టడం మొదలుపెట్టింది. రెండో చెయ్యి కూడా ఎత్తేసరికి ఆయనకి ఒళ్ళు మండింది. "లెక్కలు తర్వాత, ముందు కారెక్కండి!" అన్నాడు. అంతే. ఇంటికెళ్ళి చేతికందినవి సంచుల్లో కుక్కుకుని బయల్దేరాం. టూత్‌బ్రష్షులు ముగ్గురం మర్చిపోయాం. దారంతా ఒకరినొకరం తిట్టుకుంటూ, నవ్వుకుంటూ నాలుగు గంటలు ప్రయాణం చేశాం.

ఆ ఊరికి అది సీజను కాదు. తీరం వెంబడి షాపులన్నీ షట్టర్లు దించుకుని ఉన్నాయి. మొదటి రెండు లాడ్జీలకి తాళాలు. మూడోది నాలుగంతస్తుల పాత బిల్డింగు, ఉప్పుగాలికి గోడల సున్నం పెళ్ళలు పెళ్ళలుగా ఊడుతోంది. ముందుగదిలో ఒక్క దీపం. కౌంటరు వెనక అరవై దాటిన ఆవిడ కూర్చుని ఉంది. లేవలేదు. కూర్చునే చెయ్యి చాపి కొక్కేనికున్న తాళాలు తీసిచ్చింది.

"రెండో అంతస్తు. మెట్లెక్కి వెళ్ళండి," అంది.

కౌంటరు పక్క గోడకి ఒక చెక్క బీరువా ఆనించి ఉంది. దాని పైనుంచి లిఫ్టు తలుపు అంచు జానెడు కనిపిస్తోంది. బావ కళ్ళు అక్కడే అతుక్కుపోయాయి.

"లిఫ్టుకి బీరువా అడ్డం పెట్టారేంటండీ?"

"పనిచెయ్యదు."

"నేనొకసారి చూడనా? నా పనే అది."

"వద్దు," అందావిడ. ఆ 'వద్దు' ఎంత గట్టిగా వచ్చిందంటే, అక్క బావ మోచెయ్యి పట్టుకుని మెట్లవైపు లాక్కుపోయింది. "సెలవులో కూడా స్పానరేనా మహానుభావా, నడు," అని గొణిగింది.

తెల్లారేసరికి వాన. చినుకులు కాదు, కిటికీ బయట సముద్రం ఏదో ఆకాశం ఏదో తెలియనంత వాన. ఇంకేం చేస్తాం, టీ కోసం కిందికి దిగాం. ఆవిడ అదే కుర్చీలో ఉంది. కౌంటరు కింద మడతపెట్టిన దుప్పటి, తలగడ, ఎంగిలి కంచం కనిపించాయి. రాత్రి అక్కడే పడుకున్నట్టుంది. కౌంటరు మీదున్న నల్ల ఫోను చెవికి ఆనించుకుని చాలా చిన్నగా మాట్లాడుతోంది.

"వస్తారు... ఇంకొంచెంసేపే... వస్తారమ్మా."

మమ్మల్ని చూసి మాట ఆపి, రిసీవరు ఒళ్ళో పెట్టుకుంది. ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగోలేదేమో అనుకున్నాం. అక్కకి మనుషులు దొరికితే చాలు, కబుర్లు మొదలెట్టేస్తుంది. మా ఉద్యోగం సంగతి, బావ సంగతి చెప్పి, ఆఖరికి నా మీద పడింది.

"మా అమ్మడిది విచిత్రం లెండి. ఒకసారి ఓ ముసలాయన లిఫ్టులో ఇరుక్కుంటే తొమ్మిది గంటలు ఫోను పెట్టలేదు. ఇంకొకళ్ళకి ఇవ్వమన్నా ఇవ్వలేదు. మాటిచ్చేసిందట! లేచేసరికి కాళ్ళు గుమ్మడికాయల్లా వాచిపోయాయి."

టీ పోస్తున్న ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

"మాటిస్తే... పెట్టవా?" అంది నన్ను చూస్తూ.

"పెట్టనండీ," అన్నాను. అప్పుడు నాకు గర్వంగానే ఉంది. ఆ గర్వం తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం.

ఆవిడ నన్ను కాసేపు అలాగే చూసింది. తర్వాత రిసీవరుని ఫోను మీద పెట్టేసి, చేతిసంచి తీసుకుని లేచింది. నిలబడేటప్పుడు మోకాళ్ళు పట్టేసినట్టు బల్ల పట్టుకుంది. "బజారు దాకా వెళ్ళొస్తాను. ఒక్క గంట ఇక్కడ కూర్చుంటారా? ఎవరైనా వస్తే కూర్చోమనండి."

దానికేం భాగ్యం అన్నాం. ఆవిడ గుమ్మం దాటి వానలో నిలబడింది. గొడుగు లేదు. మొహం పైకెత్తి అలాగే తడుస్తూ నిలబడి, ఉన్నట్టుండి నడక మొదలుపెట్టింది. ఆ వయసులో అంత వేగంగా ఎవరూ నడవరు.

"బజారు ఆ పక్క కదూ?" అన్నాడు బావ. "ఈవిడ బస్టాండు వైపు పోతోందేంటి?"

ఆ మాట పూర్తవుతుండగానే నల్ల ఫోను మోగింది.

ఒకటి. రెండు.

నేను ఆలోచించలేదు. పక్కన ఫోను మోగుతుంటే మూడో రింగు దాకా ఊరుకోవడం నా వల్ల కాదు. చెయ్యి దానంతటదే వెళ్ళింది. నోరు కూడా.

"కంగారు పడకండి, మేమున్నాం. లోపల ఎంతమంది ఉన్నారు?"

అక్క పగలబడి నవ్వింది. "ఇది లాడ్జే తల్లీ, ఆఫీసు కాదు!"

నేనూ నాలుక్కరుచుకుని క్షమించమని అడగబోయాను. అవతల ఎవరో ఊపిరి పీల్చారు. గదిలో ఉన్న మనిషి ఊపిరి వేరు, మూసిన పెట్టెలో ఉన్న మనిషి ఊపిరి వేరు. పదకొండేళ్ళు విన్న చెవికి ఆ తేడా తెలుస్తుంది.

"ఇప్పటికి... ఒక్కదాన్నే," అంది ఒక ఆడగొంతు.

"ఎక్కడున్నారమ్మా?"

"లిఫ్టులో."

నా నవ్వు ఎటు పోయిందో తెలియదు. ఫోను వెనక చూశాను. దాని తీగ వీధిలోకి పోవడం లేదు. గోడ వెంబడి పాకి బీరువా వెనక్కి వెళ్తోంది. అది ఊళ్ళోవాళ్ళతో మాట్లాడుకునే ఫోను కాదు. లిఫ్టుకీ కౌంటరుకీ మధ్య వేసిన ఫోను. పొద్దున ఆవిడ మాట్లాడింది ఇంట్లోవాళ్ళతో కాదు.

అయినా నోరు ఆగలేదు. అలవాటు అలాంటిది. "మనిషి బయల్దేరాడు, అరగంటలో వస్తాడు. మిమ్మల్ని బయటికి తీసేదాకా నేను లైన్లోనే ఉంటాను."

"నిజంగా?"

"నిజంగా."

"ఆవిడ కూడా... అలాగే అంది."

బావ అప్పటికే లేచాడు. లిఫ్టులో మనిషి ఉందంటే ఆయన ఇంకేమీ వినడు. మెట్ల కిందున్న కరెంటు పెట్టె తెరిచి, ముందు లిఫ్టు స్విచ్చు కట్టెయ్యబోయాడు. కట్టెయ్యడానికి ఏమీ లేదు. ఫ్యూజులు పీకేసి ఉన్నాయి, ఆ కన్నాల్లో సాలీడు గూళ్ళు.

"దీనికి కరెంటు పోయి ఏళ్ళయింది," అన్నాడు. "ఎవరో పై తలుపులోంచి లోపలికి దిగి ఇరుక్కున్నట్టుంది. ఈ ఊళ్ళో ఎవరికి పిచ్చో!"

లిఫ్టు తలుపుల్ని బయటినుంచి తెరిచే మూడు మూలల తాళంచెవి ఆయన గుత్తిలో ఎప్పుడూ ఉంటుంది. అక్క టార్చి పట్టుకుంది. ఇద్దరూ మెట్లెక్కారు. నేను కౌంటరు దగ్గర ఉండిపోయాను. నా చోటు ఫోను దగ్గరే కదా.

మొదటి అంతస్తులో తలుపు తెరిచిన కిర్రు. లేదన్నాడు. రెండో అంతస్తు. లేదు. మూడో అంతస్తులో ఆగాడు. మెట్ల సందులోంచి ఆయన కేక కిందికి వచ్చింది.

"క్యాబిన్ ఇక్కడుంది! గడప కంటే రెండడుగులు కింద ఆగింది. దిగి చూస్తాను."

ధబ్బున కాళ్ళ చప్పుడు. ఫోనులో గరగర. తర్వాత బావ గొంతు నా చెవిలోనే పలికింది. లోపల గోడకున్న రిసీవరు తీసినట్టున్నాడు.

"అమ్మడూ, వినపడుతోందా? ఇక్కడ పురుగు కూడా లేదు. వేలెడు మందం దుమ్ము. ఆ దుమ్ములో అడుగులు కూడా లేవు, నావి తప్ప. నీకెవరు మాట్లాడారు?"

నా ప్రాణం కాస్త కుదుటపడింది. వేళాకోళానికే అన్నాను, "లోపల ఎంతమంది ఉన్నారండీ?"

"ఒక్కణ్ణే తల్లీ," అన్నాడు నవ్వుతూ.

"ఇద్దరం," అంది ఆడగొంతు. బావ నోటికి ఎంత దగ్గరగా రిసీవరు ఉందో, అంత దగ్గరగా.

బావ నవ్వు తెగిపోయింది.

"అమ్మడూ... అన్నది నువ్వే కదా?"

నేను జవాబు చెప్పేలోగా పైన తలుపు మూసుకున్న చప్పుడు బిల్డింగంతా వినపడింది. వెంటనే అక్క అరుపు. ఆయన పేరు పెట్టి పిలుస్తోంది. పదకొండేళ్ళలో ఆమె ఆయన్ని పేరుతో పిలవగా వినడం అదే మొదటిసారి. రెండు చేతులతో తలుపుని బాదుతోంది.

"బావా! కంగారు పడకు. తాళంచెవి బయట తలుపుకే ఉంది కదా, అక్క తీస్తుంది."

"కదులుతోంది," అన్నాడు బావ.

"ఏంటి?"

"క్యాబిన్... కిందికి దిగుతోంది. కరెంటు లేదు కదే. ఎలా కదులుతుంది?"

మెకానిక్కు భయపడితే నాకు ఏం చెప్పాలో తెలియదు. మిగతావాళ్ళకి నేను 'ఏం కాదండీ' అంటాను. ఆయనకి ఏం అవుతుందో ఆయనకే బాగా తెలుసు.

"గోడ మీద అంకెలు కనపడుతున్నాయి. రెండు..." అన్నాడు. "ఒకటి... అమ్మడూ, నీ దగ్గరికే వస్తున్నట్టున్నాను. బీరువా జరుపు!"

నేను ఒక చేత్తో రిసీవరు పట్టుకుని రెండో చేత్తో బీరువాని నెట్టాను. కదల్లేదు. దాని అద్దం గలగలమని వణికింది. వెనకనుంచి తుప్పు వాసన, పాత గ్రీజు వాసన గుప్పుమన్నాయి. చెక్కకి అవతల ఏదో బరువైంది, మెల్లగా, నా తల దగ్గర్నుంచి నడుము దాకా... నడుము నుంచి పాదాల దాకా... దిగిపోయింది.

ఆగలేదు.

"దాటేశాను," అన్నాడు బావ. "కింద సెల్లారుందా?"

లేదు. ఆ లాడ్జికి కింద ఏమీ లేదు. ఇసుక, దాని కింద సముద్రపు నీళ్ళు.

"అంకెలు లేవు. గోడ ఒక్కటే. తడిగా ఉంది... ఇంకా దిగుతోంది... ఎంతసేపు అమ్మడూ?"

లిఫ్టులో ఇరుక్కున్న ప్రతి మనిషీ అడిగే ప్రశ్న అది. వేలసార్లు విన్నాను.

"అరగంట," అన్నాను. ఏడుస్తూనే అన్నాను.

అప్పుడు మూడో అంతస్తు నుంచి అక్క కేక. "వచ్చింది! తలుపు వచ్చింది! చెయ్యివ్వండి... ఆఁ, పైకి రండి... అమ్మయ్య! అమ్మడూ, తీసేశాను! మీ బావ బయటికొచ్చేశాడు!"

రిసీవరు ఇంకా నా చెవి దగ్గరే ఉంది.

మెట్ల మీద రెండు జతల కాళ్ళు. అక్క ముందు దిగింది, చెంపల మీద నీళ్ళు, మొహంలో నవ్వు. ఆమె చెయ్యి పట్టుకుని వెనక బావ. జుట్టు నిండా దుమ్ము, కనుబొమల మీద బూజు. అరచెయ్యి తలుపు అంచుకి చీరుకుపోయింది.

"పాడు తలుపు! అయిదు నిమిషాలు బిగుసుకుపోయింది, అంతే," అంది అక్క. "క్యాబిన్ ఉన్నచోటే ఉంది. అంగుళం కూడా కదల్లేదు. ఇక ఆ ఫోను పెట్టెయ్."

ఫోను పెట్టేముందు మేం ఆఖరుగా ఒక మాట అడగాలి. అందరూ బయటికొచ్చారా, లోపల ఇంకెవరైనా ఉన్నారా అని. లోపలినుంచి ఏ జవాబూ రాకపోతేనే పెట్టాలి. అడిగాను. పెదవులు మాత్రమే కదిపి, ఎవరికీ వినపడకుండా.

"ఉన్నాను," అన్నాడు బావ, నా చెవిలో. "నేనున్నాను అమ్మడూ. పెట్టకు. ఇప్పుడే ఆగింది. చాలా లోతుకి వచ్చేశాను. పెట్టావంటే ఇంకా దిగిపోతాను."

నా ఎదురుగా ఉన్న బావ నన్నే చూస్తున్నాడు. నవ్వాడు. పలకరింపుగా తల వంచి, మెల్లగా అన్నాడు.

"మీ గొంతు చాలా బాగుంటుందండీ. విన్నకొద్దీ వినాలనిపిస్తుంది."

బావ నన్ను ఏనాడూ మీరు అనలేదు. అక్క మాత్రం ఆయన భుజం మీద ఒక్కటి వేసింది. "చావు తప్పి బయటపడ్డాడో లేదో, అప్పుడే వేళాకోళం!" తన చేతిరుమాలు తీసి ఆయన అరచేతికి కట్టు కట్టింది. చర్మం లోతుగా తెగింది. రుమాలు ఎంతసేపటికీ తెల్లగానే ఉంది.

"అక్కా, ఇలా రా," అన్నాను. రాగానే గుసగుసగా చెప్పాను. "బావ ఫోనులో ఉన్నాడు. లిఫ్టులోనే ఉన్నాడు."

ఆమె నన్ను చూసి, వెనక్కి తిరిగి ఆయన్ని చూసి, మళ్ళీ నన్ను చూసింది. నా చేతిలోంచి రిసీవరు లాక్కుని చెవికి పెట్టుకుంది. నేను ఆమె మొహంలోకే చూస్తున్నాను. ఏ మార్పూ లేదు.

"హోరు తప్ప ఏమీ లేదు. సముద్రం చప్పుడేమో." రిసీవరు నా చేతిలో పెట్టేసింది. పెట్టీ పెట్టగానే లోపలినుంచి బావ ఏడుపు. 'అది మీ అక్కే కదా, ఎందుకు పలకదు, నేనింత అరుస్తుంటే ఎందుకు పలకదు' అని ఏడుస్తున్నాడు. అక్కకి వినపడలేదు. ఆమె మాటివ్వలేదుగా. ఇచ్చింది నేను.

"నీకు డ్యూటీ ముదిరి మతి పోయింది," అంది అక్క. కోపంగా కాదు, జాలిగా. నా చెంప నిమిరింది. "చేతికి కుట్లు పడేలా ఉన్నాయి. ఇక్కడెక్కడో డాక్టరు బోర్డు చూశాను. మేం వెళ్ళి అరగంటలో వస్తాం. ఆ మహాతల్లి వస్తే తాళాలిచ్చి, సామాను సర్ది ఉంచు. ఇంటికి పోదాం."

"అక్కా, వెళ్ళకు. ఆయనతో ఒక్కదానివే వెళ్ళకు."

"ఆయనతో కాక ఇంకెవరితో వెళ్ళనే?"

కౌంటరు దాటి పరుగెత్తి ఆమెని పట్టుకోవాలనిపించింది. ఫోను తీగ మూరెడు. రెండడుగులు వేస్తే రిసీవరు చేతిలోంచి జారిపోతుంది. "పెట్టకు, పెట్టకు, పెట్టకు," అంటున్నాడు లోపల బావ. గుమ్మం దగ్గర అక్క ఆయనకి గొడుగు పట్టింది. ఆయన గొడుగు కిందినుంచి పక్కకి జరిగి, మొహం పైకెత్తి, వానలో తడుస్తూ నిలబడ్డాడు. చాలాసేపు. కారు వెళ్ళిపోయింది.

లాడ్జి ఆవిడ గంట గడిచినా రాలేదు. రాదని నాకప్పుడే అర్థమైంది. ఆ కౌంటరు కింద దుప్పటి, తలగడ, కంచం నన్ను చూస్తున్నాయి. ఎన్నేళ్ళు కూర్చుందో పాపం! పాపమని ఎందుకంటున్నాను, నన్ను కూర్చోబెట్టి పోయిన మనిషిని?

బావతో మాట్లాడుతూనే ఉన్నాను. మాట ఆపితే ఆయన ఊపిరి వేగం పెరుగుతోంది. మా ఆఫీసు కబుర్లు చెప్పాను. సూపర్‌వైజరు విగ్గు ఫ్యాను గాలికి ఎగిరిన సంగతి చెప్పాను. నవ్వాడు. ఆ నవ్వు బావదే, ఎక్కడున్నా పోల్చుకుంటాను. ఎలాగైనా ఈయన్ని తియ్యాలి, అక్కకి అప్పజెప్పాలి. నాకింకో ఆలోచన లేదు. సెల్‌ఫోను తీసి మా కంపెనీకి చేద్దామంటే అది పై గదిలో ఛార్జింగులో ఉంది. మెట్లు నాకు కనపడుతూనే ఉన్నాయి, ఎనిమిది అడుగుల దూరంలో.

"అమ్మడూ," అన్నాడు బావ ఉన్నట్టుండి. "తలుపు తెరుచుకుంటోంది."

"బయటికి రాకు! ఎట్టి పరిస్థితుల్లో బయట అడుగుపెట్టకు."

"నేను పోవడం లేదు. ఎవరో... లోపలికి వస్తున్నారు."

"ఎవరు?"

చీర కుచ్చిళ్ళు ఇనుముకి రాసుకున్న చప్పుడు. ఎవరో తడబడి గోడ పట్టుకున్నారు.

"బావా, ఎవరు?"

"మీ అక్క," అన్నాడాయన. ఆ గొంతులో సంతోషమో భయమో నాకు తెలియలేదు.

"అమ్మడూ?" అక్క గొంతు. పసిపిల్లలా బెదిరిపోయి ఉంది. "ఇక్కడంతా చీకటేంటే? కారులో వెళ్తున్నాం కదా... ఆయన కారు పక్కకి ఆపి, నా వైపు తిరిగి... నేనిక్కడికెలా వచ్చాను?"

అప్పుడే బయట హారన్ మోగింది.

అద్దం తలుపు మీద వాన ధార కడుతోంది. దాని అవతల మా కారు. ముందు సీట్లలో ఇద్దరున్నారు. స్టీరింగు దగ్గర బావ. పక్కన అక్క, కిటికీ దించి, రమ్మని చెయ్యి ఊపుతోంది. మొహాన చక్కటి నవ్వు.

"అమ్మడూ, రా! ఆలస్యమవుతోంది!"

"అక్కా," అన్నాను ఫోనులో. "నువ్వు బయట కారులో ఉన్నావు. నన్ను పిలుస్తున్నావు."

"అది నేను కాదే," అక్క ఏడుస్తోంది. "వెళ్ళకు. మమ్మల్ని వదిలేసి పోకు తల్లీ. నువ్వు పెట్టేస్తే మాకింకెవరున్నారు?"

హారన్ మళ్ళీ మోగింది. పొడుగ్గా.

రిసీవరు పెట్టేసి పరుగెత్తితే కారెక్కవచ్చు. అందులో ఉన్నవాళ్ళతో ఇంటికి పోవచ్చు. పెట్టకపోతే ఇక్కడే. ఎన్నాళ్ళో తెలియదు. నేనేం గొప్పదాన్ని కాదు. ఆ క్షణంలో నా కాళ్ళు గుమ్మం వైపే లాగాయి. నిజంగానే రిసీవరు చెవినుంచి దించాను. దాన్లోంచి అక్క ఏడుపు సన్నగా, ఈగ చప్పుడంత వినపడింది. మొదటి రోజు నాకు టీ తెచ్చిచ్చిన మనిషి. నా వల్ల కాలేదు.

మళ్ళీ చెవికి ఆనించుకున్నాను. "పెట్టనక్కా. నేనెక్కడికీ పోను."

బయట కారు తలుపు వేసిన చప్పుడయింది. తలెత్తి చూశాను.

వెనక సీటులో ఎవరో ఎక్కి కూర్చున్నారు. ఎర్ర స్వెట్టరు. పొద్దున చలికి నేను వేసుకున్నదీ ఎర్ర స్వెట్టరే. తల వంచి చూసుకున్నాను, నాది నా ఒంటి మీదే ఉంది. ఆ మనిషి తల పక్కకి వాల్చి కిటికీ అద్దానికి ఆనించింది. కారెక్కగానే నేనలాగే వాలిపోతాను, అక్క ఎప్పుడూ తిడుతుంది. ముందు సీటులోని అక్క వెనక్కి తిరిగి ఏదో అంది. ముగ్గురూ నవ్వుకున్నారు. కారు కదిలి, వానలో మలుపు తిరిగి, కనపడకుండా పోయింది.

"పోయారక్కా," అన్నాను. ఇప్పుడు ఏడుపు కూడా రావడం లేదు. "నేను మాత్రం ఇక్కడే ఉన్నాను. కౌంటరు దగ్గరే ఉన్నాను. వెలుగులోనే ఉన్నాను. మిమ్మల్ని తీసేదాకా లైన్లోనే ఉంటాను."

ఫోనులో అక్క, పక్కనున్న మనిషితో అన్నట్టు, చిన్నగా విసుక్కుంది.

"కాస్త అటు జరుగమ్మడూ. నీ మోచెయ్యి గుచ్చుకుంటోంది."